పస్కా బల్లమీది తియ్యని జిగటమన్ను

పస్కా అనగానే మన సంఘస్థులకు గొఱ్ఱెపిల్ల, పులియని రొట్టె, చేదుకూరలు జ్ఞాపకమునకు వచ్చును. నిర్గమకాండము 12వ అధ్యాయము ఆజ్ఞాపించినవి ఈ మూడే. అయినను యూదుల ఇండ్లలో పస్కా రాత్రి బల్లమీద మరియొకటి తప్పక ఉండును. అది హరోసెత్ అను తియ్యని పచ్చడి. ధర్మశాస్త్రములో లేని ఈ వంటకము బల్లమీద ఎట్లు నిలిచినది?

క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా గ్రంథములో దీని పేరు కలదు. ఇది ఆజ్ఞ కాదని పెద్దలు చెప్పగా, ఆజ్ఞయేనని సాదోకు కుమారుడైన ఒక రబ్బీ వాదించెను. తరువాతి తల్మూదులో దీనికి రెండు అర్థములు చెప్పబడినవి. ఐగుప్తులో హెబ్రీ స్త్రీలు ఆపిల్ చెట్ల క్రింద రహస్యముగా ప్రసవించిరను కథకు ఇది గుర్తు అని ఒకరు, ఇటుకల పనిలో త్రొక్కిన జిగటమంటికి గుర్తు అని మరియొకరు చెప్పిరి. కనుక ఆపిల్‌ను బట్టి పుల్లగాను, మంటిని బట్టి చిక్కగాను చేయవలెనని నిర్ణయమైనది. హెబ్రీలో ‘హెరెస్’ అనగా కుండపెంకు. హరోసెత్ అను పేరును సాధారణముగా ఈ మాటతో ముడిపెట్టుదురు.

యోహాను 13వ అధ్యాయములో ప్రభువు ముంచి యిచ్చిన ముక్క ఈ పచ్చడిలోనే ముంచబడినదని కొందరు బోధకులు చెప్పుదురు. నేనును ఒక పరిశుద్ధ గురువారమున అట్లే ప్రసంగించితిని. అయితే సువార్తలో ఆ పచ్చడి పేరు లేదు. మిష్నా తరువాతి కాలపు గ్రంథము. ‘అయి ఉండవచ్చును’ అనుటకు మించి చెప్పరాదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

12వ శతాబ్దమున ఐగుప్తులోనే నివసించిన మైమోనిడీస్ అను పండితుడు దీనిని చేయు విధము వ్రాసిపెట్టెను. ఖర్జూరములు, ఎండు అంజూరములు, ఎండుద్రాక్ష వంటివి దంచి, పులిసిన ద్రాక్షరసపు కాడి కలిపి, మంటిలో గడ్డి కలిపినట్లు సుగంధ ద్రవ్యములు కలుపవలెను. చెదరిపోయిన యూదులు ఏ దేశమునకు పోయిన ఆ దేశపు పండ్లతో దీనిని చేసికొనిరి. తూర్పు ఐరోపా కుటుంబములలో 3 ఆపిల్ పండ్లు సన్నగా తరిగి, ఒక గిన్నెడు అక్రోటు పప్పు దంచి, చెంచాడు దాల్చినచెక్క పొడి, కొంచెము తీపి ద్రాక్షరసము కలుపుదురు. బాగ్దాదు కుటుంబముల పద్ధతి వేరు. ఖర్జూరములను రాత్రి నీటిలో నానవేసి, ఉదయమున మెత్తగా ఉడికించి, గుడ్డలో వడకట్టి, ఆ రసమును సన్నని సెగమీద తేనెవలె చిక్కబడువరకు మరిగించి, పైన అక్రోటు పొడి చల్లుదురు. మన దేశమునకు వచ్చి కలకత్తా, బొంబాయిలలో స్థిరపడిన బాగ్దాదీ యూదులు ఈ పాకమునే తెచ్చుకొనిరి. కొచ్చిన్ యూదులును ఖర్జూరపు పాకమే చేసికొనుచుండిరి. ఇట్టివి తల్లి చేతిని చూచి కుమార్తె నేర్చుకొన్న కొలతలు.

1862లో అమెరికా అంతర్యుద్ధ కాలమున పశ్చిమ వర్జీనియా కొండలలో నిలిచిన యూదు సైనికులకు పస్కా వచ్చినది. హరోసెత్ చేయుటకు సామగ్రి దొరకలేదు. వారు ఒక నిజమైన ఇటుకను బల్లమీద పెట్టి పండుగ ఆచరించిరి! రుచి లేకపోయినను జ్ఞాపకము తప్పలేదు.

ఈ ఆచారములో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ఒకటి కలదు. చేదుకూరను హరోసెత్‌లో ముంచి వెంటనే దులిపివేయుదురు. ఎక్కువసేపు ఉంచరాదు, తీపి చేదును మింగివేయరాదని పెద్దల హెచ్చరిక. అప్పుడు పిల్లలు ‘ఇది ఏమిటి?’ అని అడుగగా, ‘మేము దాసులము’ అని తండ్రి దాచక చెప్పును.

ప్రియ చదువరులారా, నూరేండ్ల పండుగలో మనము తీపి పంచుకొనుచున్నాము. మన తాతలలో అనేకులు దొరల పొలములలో వెట్టిచాకిరి చేసినవారు. వారి చేతులకు అంటిన మంటిని గూర్చి మన పిల్లలకు చెప్పుటకు మనకు సిగ్గు ఎందుకు? గుడి గోడలకు సున్నము వేయించితిమి, మంచిదే. ఆ గోడల ఇటుకలు ఎవరు మోసిరో ఈ సాయంకాలము భోజనపు బల్లయొద్ద మన పిల్లలకు చెప్పుదము.