స్ట్రైకర్ డ్రాగూన్

స్ట్రైకర్ డ్రాగూన్ (ఎం1296) అమెరికా సైన్యం వాడే ఎనిమిది చక్రాల సాయుధ పదాతిదళ వాహనం. పాత స్ట్రైకర్ వాహనానికి నార్వే సంస్థ కాంగ్స్‌బర్గ్ రూపొందించిన ఎంసీటీ-30 టరెట్‌ను అమర్చి దీన్ని తయారుచేశారు.

నేపథ్యం: పదాతిదళాన్ని మోసే మొదటి స్ట్రైకర్లపై 12.7 మి.మీ. మెషిన్‌గన్ లేదా 40 మి.మీ. గ్రెనేడ్ లాంచర్ మాత్రమే ఉండేది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించాక, ఐరోపాలో ఎదురయ్యే కవచ వాహనాల ముందు ఈ ఆయుధాలు చాలవని తేలింది. దాంతో జర్మనీలోని విల్సెక్‌లో ఉన్న 2వ కావల్రీ రెజిమెంట్ మరింత శక్తిమంతమైన ఫిరంగి కావాలని 2015లో కోరింది.

నిర్మాణం: టరెట్‌లో మనుషులు ఉండరు. గన్నర్ వాహనం లోపల కవచం చాటున కూర్చుని, తెరపై లక్ష్యాన్ని చూస్తూ 30 మి.మీ. ఆటోకానన్‌ను పేలుస్తాడు. ఎక్స్‌ఎం813 అనే ఈ ఫిరంగి మాత్రం అమెరికా తయారీయే. రెండు దారుల్లో మందుగుండు అందుతుంది కాబట్టి కవచాన్ని ఛేదించే గుండ్ల నుంచి పేలుడు గుండ్లకు వెంటనే మారవచ్చు. మందుగుండును లోపలి నుంచే నింపవచ్చు. సైనికుడు శత్రువు కాల్పులకు ఎదురుగా బయటికి రానక్కర్లేదు. ప్రాణరక్షణలో ఇదే దీని ప్రధాన బలం. పెరిగిన బరువును మోయడానికి సస్పెన్షన్‌ను పటిష్ఠం చేశారు.

వినియోగం: తొలి నమూనా 2016 అక్టోబరులో సిద్ధమైంది. 2017 డిసెంబరులో వాహనాలు జర్మనీకి చేరడం మొదలైంది.

తరువాతి దశ: ఇతర స్ట్రైకర్ల ఆధునికీకరణకు 2021లో ఆష్‌కాష్ సంస్థను ఎంపిక చేశారు. వాటికి వాడే టరెట్ ఇజ్రాయెల్ సంస్థ రఫేల్ రూపొందించిన సామ్సన్ శ్రేణికి చెందినది.