విడిది: తెలుగు పెళ్లిలో ఆతిథ్యభారం - చారిత్రక పరిశీలన

తెలుగువారి వివాహవ్యవస్థపై జరిగిన చర్చ చాలావరకు కన్యాశుల్కం, వరకట్నం, బాల్యవివాహం, వితంతు పునర్వివాహం అనే అంశాల చుట్టూ సాగింది. పొరుగూరి నుండి తరలివచ్చే మగపెళ్లివారికి బస, భోజనం, మర్యాదలు సమకూర్చే బాధ్యత ఆచారవర్ణనల్లో కనిపిస్తుందే గాని, ఆ భారాన్ని ఎవరు మోశారన్న ప్రశ్నకు తగినంత చోటు దొరకలేదు. విడిది ఏర్పాటులో వచ్చిన మార్పులను ఆ ప్రశ్న వైపు నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘విడిది’ అన్న మాట ‘విడియు’ ధాతువుకు సంబంధించినది. ప్రయాణంలో ఆగడం, మజిలీ చేయడం, సేన దిగడం దాని అర్థాలు. రాజులకు, సైన్యాలకు వాడిన మాటే పెళ్లివారి బసకూ స్థిరపడింది. మగపెళ్లివారు తరలివచ్చే తీరులోనూ ఈ పోలిక కనిపిస్తుంది. ఊరి పొలిమేరలో మేళతాళాలతో ఎదురేగడం, కాళ్లకు నీళ్లిచ్చి పానకం అందించడం, ఊరేగింపుగా విడిదింటికి చేర్చడం ఒక రాజమర్యాదను తలపిస్తాయి. కోస్తాలో దీనిని ఎదురుసన్నాహమనీ, తెలంగాణలో ఎదుర్కోళ్లనీ వ్యవహరిస్తారు.

భాగవత దశమస్కంధంలోని రుక్మిణీకల్యాణ ఘట్టం ఈ మర్యాదకు సాహిత్యసాక్ష్యం. 15వ శతాబ్దంలో పోతన తెలుగు చేసిన ఈ కథలో విదర్భరాజు భీష్మకుడు శిశుపాలుని పక్షంవారికి ఎదురేగి విడుదులు ఏర్పరుస్తాడు. పెళ్లి చూడవచ్చామన్న బలరామకృష్ణులకూ అంతే ఆదరంతో బస కల్పిస్తాడు. ఒకే కన్యను ఆశించిన ఇరుపక్షాలూ ఒకే గృహస్థు అతిథులు. తక్కిన రాజులకు వారివారి వీర్యం, వయస్సు, బలం, సంపదలను బట్టి సత్కారం జరుగుతుంది. అతిథి హోదాను అనుసరించి మర్యాదకు తారతమ్యం ఉండాలన్న భావం ఇక్కడ స్పష్టం. తరువాతి కాలపు విడిదింటి కలహాలకు మూలం కూడా ఈ తారతమ్యమే. ఎవరికి ముందు కాఫీ వెళ్లింది, ఎవరిని ప్రత్యేకంగా పిలవలేదు అన్నవి చిన్న మాటలుగా కనిపించినా, అవి హోదాను కొలిచే కొలమానాలు.

అయిదు రోజుల పెళ్లిళ్ల కాలంలో విడిది ఊరి ఉమ్మడి ప్రయత్నంతో నడిచింది. పొరుగువారు ఇల్లు ఖాళీ చేసి ఇచ్చేవారు. నులకమంచాలు, గంగాళాలు, గుండిగలు ఇంటింటి నుండి చేరేవి. కుమ్మరి కుండలు ఇచ్చేవాడు. చాకలి పక్కబట్టలు సమకూర్చి దివిటీ పట్టేవాడు. మంగలి మేళం వాయించేవాడు. అతిథుల నలుగుపిండి, తలంటునూనె మొదలు రాత్రి పాల వరకు ఇంటి ఆడవారి శ్రమే ఆధారం. అయితే ఈ ఉమ్మడితనాన్ని సమానత్వంగా భావించరాదు. సేవాకులాల పనికి ప్రతిఫలం మిరాసీధాన్యం, ఈనాం, పెళ్లికట్నం రూపంలో ఇచ్చేవారి ఇష్టానికి లోబడి ఉండేది. పెళ్లి బయటకు ఎంత వైభవంగా కనిపించినా దాని లెక్కలో ఈ శ్రమ చేరలేదు.

ప్రయాణదూరం కూడా విడిదిని నిర్ణయించింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువలు పడవ ప్రయాణానికి దారులయ్యాయి. 1900లో రాజమహేంద్రవరం వద్ద రైలువంతెన ప్రారంభమైంది. దూరపు సంబంధాలకు వీలు పెరిగింది. మార్గమధ్యంలో పెళ్లిబృందాలకు సత్రాలు, అన్నదాతల ఇళ్లు దిక్కయ్యాయి. లంకలగన్నవరంలో అన్నదానంతో ప్రసిద్ధి పొందిన డొక్కా సీతమ్మ (1841-1909) అంతర్వేది యాత్రకు బయలుదేరి, ఆకలిగొన్న పెళ్లిబృందం తన ఇంటికే వెళ్తున్నదని విని వెనుదిరిగిందన్న కథ గోదావరి మండలంలో నేటికీ ప్రచారంలో ఉంది. పెళ్లివారి ఆకలి తీర్చడం దైవదర్శనం కన్న మిన్న అన్న విలువను ఆ కథ నిలిపింది. అక్కడ ఆతిథ్యమిచ్చినది బంధుత్వం లేని గృహిణి కావడం గమనార్హం.

20వ శతాబ్దంలో పెళ్లి ఒకటి రెండు రోజులకు కుదించుకుపోయింది. పట్టణాల్లో కల్యాణమండపాలు వెలిశాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కూడా అనేక ఊళ్లలో వాటిని నిర్మించింది. విడిదిల్లు మండపంలోని గదిగానో, హోటలు గదిగానో మారింది. పొరుగువారి మంచం స్థానంలో అద్దె పరుపు, ఇంటివంట స్థానంలో కేటరింగు వచ్చాయి. ఇందువల్ల ఇంటి ఆడవారికి చాకిరీ తగ్గింది. వంటవారికి, వాద్యకారులకు మాట్లాడుకున్న కూలి అడిగే హక్కు వచ్చింది. ఇవి చిన్న లాభాలు కావు. కాని ఊరు పంచుకున్న భారం నగదు ఖర్చుగా మారి ఒక్క ఇంటిపైకి చేరింది. మారనిది ఒక్కటే: ఆ ఇల్లు చాలా సందర్భాల్లో వధువు పుట్టిల్లే.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం వరకట్నాన్ని ఆస్తి, విలువైన హామీపత్రం అన్న మాటలతో నిర్వచించింది. ‘మావాళ్లు ఇంతమంది వస్తారు, మర్యాదలకు లోటు రాకూడదు’ అన్న మాట మాత్రం బేరంగా కాక ఆచారంగానే చలామణి అయింది. కట్నం వద్దన్న ఇంటివారు సైతం విడిది విషయంలో రాజీపడకపోవడానికి ఇదే అవకాశమిచ్చింది. “ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్న సామెతలోని కష్టంలో కట్నంతో పాటు ఈ లెక్కకు రాని వ్యయమూ ఉంది.

విడిది చరిత్ర ఆతిథ్యధర్మానికీ ఆధిక్యప్రదర్శనకూ మధ్య నడిచిన చరిత్ర. వచ్చినవారిని ఆదరించడం తెలుగు సమాజం కాపాడుకున్న విలువ. ఆ విలువను ఒకే పక్షం నుండి రాబట్టడం మాత్రం అధికారం. ఈ రెండింటినీ వేరుచేసి చూసినప్పుడే వివాహవ్యయంపై జరిగే చర్చ సమగ్రమవుతుంది.