మార్జిన్ ఎందుకు వదలాలి?

ఫైల్ కాపీ అయ్యాక చెక్‌సమ్ చూసుకోవడం మాకు అలవాటు. తిబెరియాలోని మసోరెట్ లేఖకులు వెయ్యేళ్ల కిందటే హీబ్రూ బైబిలుకు ఆ పని చేశారు. అక్షరాలు లెక్కపెట్టారు, అనుమానం వస్తే పాఠాన్ని ముట్టుకోకుండా మార్జిన్‌లో రాశారు. ఆ పద్ధతిలో 1008లో కైరోలో రాసిన పూర్తి ప్రతి ఇప్పటికీ ఉంది.

మన తాటాకులకు ఆ లెక్క లేదు. పురుగు తినేలోగా ఇంకో ఆకుకి ఎక్కించాలి. ఎక్కించేవాడు పద్యాన్ని సరిదిద్దేవాడు, ఒక్కోసారి కొత్తది చేర్చేవాడు. అందుకే 1829లో 693 వేమన పద్యాలు అచ్చు వేయించేముందు సి.పి. బ్రౌన్ అనేక ప్రతులు పోల్చాల్సొచ్చింది. కడపలో సొంత డబ్బుతో పండితుల్నీ లేఖకుల్నీ పెట్టి కావ్యాలకూ అదే చేయించాడు.

మా నాచారానికి దగ్గర్లో, ఉస్మానియా ప్రాంగణంలోని రాతప్రతుల గ్రంథాలయంలో తాటాకులున్నాయి. వాటిని టైపు చేసి ఒక్క పాఠాన్నే నెట్‌లో పెడితే, మిగతా పాఠాలు మనవల్లే పోతాయి. మార్జిన్ వదలాలి.