గ్రంథకర్త, పాఠకుడు, పంక్తిభోజనము

మన అక్కుపల్లి గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఒక చరిత్రాంశమును గూర్చి వ్రాయుమని సంచిక సంపాదకులు నన్ను కోరిరి. గ్రంథాలయోద్యమ చరిత్రను ప్రాజ్ఞులు పలువురు వ్రాసియున్నారు. అందొక చిన్న భాగమును మాత్రము నేనిచట విచారింపదలచితిని. గ్రంథము వ్రాసినవానిని పిలిచి, అతని మాట విని, అతనితో గూడి భుజించు ఆచారము ఎట్లు ఏర్పడినది? ఆ భోజనపు వ్యయము ఎవరు భరించిరి? ఆ పంక్తిలో ఎవరు కూర్చుండిరి, ఎవరు వాకిట నిలిచిపోయిరి? లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడనగుటచే నాకీ ప్రశ్నలు సహజముగనే తోచినవి. విందు ఖర్చు ఎవరి పద్దున పడునో, ఆ గోష్ఠి వారి ముఖమునే చూచుచుండును. ఈ మాటకు చరిత్రలో సాక్ష్యములు కొల్లలుగా నున్నవి.

పూర్వము ఆ పద్దు రాజులది. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయల భువనవిజయ వైభవము ఆబాలగోపాలము ఎరిగినదే. శ్రీనాథ మహాకవి కొండవీటి రెడ్లయొద్ద విద్యాధికారియై భోగములనుభవించి, ఆశ్రయము తొలగిన పిదప పల్నాటిసీమ జొన్నకూటిని ఎత్తిపొడిచినట్లు ఆయన పేర వాడుకలోనున్న చాటువులు చెప్పుచున్నవి. ప్రభువున్న కవికి విందు, లేని కవికి పస్తు. ఆ సభలలో అన్నదాతయు ముఖ్యశ్రోతయు ఒక్కడే యగుటచే కవి అతనికి రుచించునదే వండవలసి వచ్చెడిది. ఈ కట్టును సడలించినవారు మన ఉత్తరసీమలోనే కలరు. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానమున ఉద్యోగియై, 1892లో ప్రదర్శింపబడిన కన్యాశుల్కమును 1897లో అచ్చొత్తించి ఆనందగజపతి మహారాజునకే అంకితమిచ్చిరి. అంకితము ప్రభువునకు గాని నాటకములోని మాట వీథిలోని మనుష్యులది. ప్రభువు నీడన నిలిచియే ఆయన ప్రజలను శ్రోతలుగా వరించిరి.

అచ్చుయంత్రము వ్యాపించినకొలది దాత మారెను. చెన్నపురిలో వావిళ్ళవారు 1854లో ముద్రణాలయమును నెలకొల్పిన నాటినుండి భారత భాగవతములు సామాన్య గృహస్థుల పెట్టెలలోనికి ప్రవేశించినవి. వేయిమంది పాఠకులు తలకొకింత ఇచ్చు మూల్యము, ఒక్క రాజు ఇచ్చు అగ్రహారమునకు బదులుగా నిలిచినది. కాని ఈ వేయిమందికిని గ్రంథకర్త ముఖపరిచయము లేదు. అతనికిని వీరెవరో తెలియదు. ఈ ఇరువుర నడుమ పుస్తకవిక్రేత యను క్రొత్త గృహస్థు వెలసెను.

ఆ గృహస్థధర్మమును వర్తకముతో ముడివేసి ప్రసిద్ధిగాంచినవారు లండను నగరమందలి ఫాయిల్సు పుస్తకశాలవారు. విలియం, గిల్బర్టు అను సోదరులు ప్రభుత్వోద్యోగ పరీక్షలో తప్పి, తమ కిక అక్కరలేని పాఠ్యపుస్తకములను అమ్మజూపగా కొనువారు పెక్కురు ముందుకువచ్చిరి. ఆ అనుభవమే మూలధనముగా 1903లో వారి వ్యాపారము మొదలైనది. విలియం కుమార్తె క్రిస్టినా 1930లో, ఇంకను ఇరువదేండ్లు నిండని ప్రాయమున, సాహిత్య మధ్యాహ్నవిందులను ప్రారంభించెను. పాఠకులు భోజనమునకు రుసుము చెల్లించి వత్తురు. పేరుగన్న గ్రంథకర్త అగ్రపీఠమున కూర్చుండును. భోజనానంతరము ఉపన్యాసము, ఆ పిమ్మట గ్రంథముల విక్రయము. ఈ విందులు దశాబ్దముల తరబడి సాగినవి. ఇందు గ్రంథకర్తకు కీర్తి, పాఠకునకు సంతోషము, వర్తకునకు లాభము కలిగినవి. ఎవరికిని ఎవరును దాసులు కాకుండుట ఈ పద్ధతిలోని గొప్ప. రుసుము చెల్లింపలేనివానికి ఆ ద్వారము తెరచుకొనకుండుట ఇందలి లోపము.

మన తెలుగు పుస్తకవిక్రేతలకు అట్టి స్తోమత ఎన్నడును లేదు. ఐనను వారి ఆతిథ్యము తక్కువది గాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించి, ఆ లాభముతో 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని, 1926లో ఆంధ్రగ్రంథమాలను నడిపిరి. తలనొప్పి మందు ధనము తెలుగు సాహిత్యమునకు అన్నమై వడ్డింపబడినదన్నమాట. మైలాపూరులోని వారి శ్రీబాగ్ గృహమునందే 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుండి ఒడంబడిక చేసికొనిరి. ఇక విజయవాడ ఏలూరు రోడ్డునందలి నవోదయ పుస్తకశాల రచయితలకు కూడలియై యుండెను. బాపు, ముళ్ళపూడి వెంకటరమణగార్ల పుస్తకములను ముచ్చటగా అచ్చొత్తించిన నవోదయ రామమోహనరావుగారు 2020లో దివంగతులైరి. అక్కడ అగ్రపీఠములు లేకుండెను, రుసుము లేకుండెను. పుస్తకము కొనవచ్చినవాడు దానిని వ్రాసినవానిని ఎదుటనే చూచి మాటాడి పోగలిగెడివాడు.

పుస్తకవిక్రేతకు సాధ్యముకాని పనిని గ్రంథాలయములు తలకెత్తుకొన్నవి. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోను వెలసినవి. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో జరిగిన సభలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము ఆరంభమైనది. వార్షికోత్సవమనుట, పండితుని పిలుచుట, ఉపన్యాసమిప్పించుట, వచ్చినవారికి అన్నము పెట్టుట ఈ సంస్థలకు ఆచారమైనది. విందు పద్దు ఇప్పుడు ఊరిది. ఒకరు బియ్యము, ఒకరు కూరలు, ఒకరు పెరుగు, ఒకరు కట్టెలు తెచ్చిరి. ఇట్లు దాతలు పలువురైనపుడు ఉపన్యాసకుడు ఎవ్వరి మెప్పునకును కట్టుపడవలసిన పని లేదు.

కాని ఊరందరి బియ్యముతో వండిన అన్నము ఊరందరి పంక్తిలో వడ్డింపబడెనా? ఈ ప్రశ్నను దాటి పోవుట చరిత్రకారునకు తగదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినపుడు, పెండ్లికి పోయినవారికంటె అచట భుజించినవారే ఎక్కువ భయపడవలసి వచ్చినది. ఆయనతో గూడి భుజించుట బహిష్కారమునకు కారణమయ్యెను. ఆయన పుస్తకములు చదువుటకు ఇష్టపడినవారు సైతము ఆయన విస్తరి ప్రక్కన విస్తరి వేసికొనుటకు జంకిరి. గుఱ్ఱము జాషువాగారు యౌవనమున వినుకొండ సభలో పద్యము చదివినపుడు, అంటరానివానిని సభలోనికి ఎట్లు రానిచ్చితిరని కొందరు కోపించిరి. ఆ మహాకవి 1941లో గబ్బిలమును వెలువరించెను. 1964లో సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ బిరుదము ఆయనను వెదకికొని వచ్చినవి. పద్యము మనదనుకొని కవిని వాకిట నిలిపిన దేశము మనది. గ్రంథాలయము నిజముగా ఊరిదగుట పుస్తకముల సంఖ్యనుబట్టి తేలదు, పంక్తినిబట్టి తేలును.

ఈ విషయమున మన ప్రాంతము తలయెత్తుకొని చెప్పదగిన ఉదాహరణములు కలవు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవర మాటాడువానిని ఇంటనుంచుకొని ఆ భాష నేర్చిరి. 1931లో సవర భాషా వ్యాకరణమును ప్రకటించిరి. ఇచ్చట గ్రంథకర్తయే గృహస్థు, లిపి లేని భాష మాటాడు కొండవాడే ఆచార్యుడు. లోకమున కవిని పిలిచి అన్నము పెట్టిన ప్రభువులు పెక్కురు గాని, మాటల గని యని పామరుని పిలిచి అన్నము పెట్టిన గ్రంథకర్త అరుదు. వ్యావహారిక భాషకై జీవితమును ధారపోసిన ఆ మహనీయుడు నా యీ గ్రాంథిక వ్యాసమును చూచినచో చివాట్లు పెట్టియుండునేమో!

1940 మార్చిలో మన పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగినది. అధ్యక్షుడుగా ఎన్నుకొనబడిన రాహుల సాంకృత్యాయనుడు సభకు రాకపూర్వమే నిర్బంధింపబడెను. ఆ బహుగ్రంథకర్త పలుకులు వినుటకు గుమిగూడిన రైతులకు ఆ భాగ్యము లభింపలేదు. ఆయన కారాగారమున వ్రాసిన ఓల్గా నుండి గంగకు అను కథాసంపుటి తరువాతి కాలమున తెలుగై ఇంటింటికి చేరినది. గ్రంథకర్తను ఆపవచ్చును గాని గ్రంథమును ఆపుట దుర్ఘటము.

మన జిల్లాలోని శ్రీకాకుళ పట్టణమందలి కథానిలయము పైన చెప్పిన మేలి లక్షణములన్నిటిని ఒకచోట చూపుచున్నది. మురపాకలో 1924 నవంబరు 9వ తేదీన జన్మించి, విశాఖపట్టణమున గణితోపాధ్యాయులుగా పనిచేసిన కాళీపట్నం రామారావుగారు, యజ్ఞం మున్నగు తమ కథలకు 1995లో వచ్చిన సాహిత్య అకాడమీ పురస్కారపు సొమ్మును పెట్టుబడిగా పెట్టి, తెలుగున వెలువడిన ప్రతి కథయు ఒకచోట దొరకవలెనను సంకల్పముతో 1997 ఫిబ్రవరి 22వ తేదీన దానిని ప్రారంభించిరి. పాత పత్రికలను ఊరూర వెదకి తెప్పించి, ఏ కథ ఎవరిది, ఎప్పుడు ఎందులో అచ్చయినదో లెక్కపెట్టి వరుసక్రమమున కూర్చిరి. ఏటేట ఫిబ్రవరిలో జరుగు వార్షికోత్సవమునకు కథకులు నలుదెసలనుండి వత్తురు. వచ్చినవారిలో వ్రాయువాడెవడో చదువువాడెవడో గుర్తింపరానంతగా కలసిపోవుదురు. 2021 జూన్ 4వ తేదీన మాస్టారు పరమపదించిరి. నిలయము నిలిచియున్నది. తన బహుమానమును తాను భుజింపక పరులకు వడ్డించిన గ్రంథకర్త చేతి విందది.

ఇక మన సంగతి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చినపుడు, ఉద్దానమున ఎన్నో గ్రామములు ఒక్క పొయ్యిమీద వండుకొని కలసి తినెను. ఆకలి నేర్పిన ఆ పంక్తిని, ఆకలి తీరిన పిదపను విడువకుండుట మన పని. రజతోత్సవ సందర్భమున గ్రంథకర్తలను పిలువదలచిన మన కార్యవర్గమునకు నాలుగు మనవులు చేయుచున్నాను. మొదటిది, పిలువబోవు రచయిత పుస్తకము పది ప్రతులు రెండు నెలల ముందే తెప్పించి ఊరిలో త్రిప్పవలెను. చదువని సభకు రచయితను పిలుచుట, విస్తరి వేయక అతిథిని కూర్చుండబెట్టుటయే. రెండవది, అతని పుస్తకమును ఉచితముగా కోరక వెలయిచ్చి కొనవలెను. మూడవది, అతడు చెప్పినదానిని ఒక ఖాతాపుస్తకమున వ్రాసి దాచవలెను. నాలుగవది ముఖ్యమైనది. భోజనము తోటవారి పనస, కొబ్బరులతోను, పలాస జీడిపప్పుతోను, రేవువారి చేపతోను ఊరందరి చందాగా సాగవలెను. పంక్తి ఒక్కటిగా ఉండవలెను. వండినవారు సైతము చివరి బంతివరకు ఆగక, రచయిత ప్రక్కనే కూర్చుండవలెను.

ఉత్సవానంతరము లెక్కలు మూయునపుడు ఖర్చు పద్దున భోజనములెన్ని అని వ్రాయుదుము. దాని కెదురుగా ఆ పుస్తకమును చదివినవారెందరు అను అంకెను గూడ వ్రాయుదుముగాక. ఆ అంకె ఏటేట పెరిగినచో, విందునకై పెట్టిన ప్రతి రూపాయియు జమయే. మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, అటుపై వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని, ఆనాటి పద్దు వ్రాయువానికి ఆ అంకెను కూడుటలో చేయి నొచ్చుగాక యని ఆశించుచు విరమించుచున్నాను.

శుభమ్.