ఒక్క వాన, ఎన్నో రేవులు

డేవిడ్ సాసూన్ 1792లో బాగ్దాదులో ఒక సంపన్న యూదు కుటుంబంలో పుట్టాడు. బాగ్దాదు పాలకుడు దావూద్ పాషా వేధింపులు తాళలేక ఊరు విడిచి, పర్షియా తీరంలో కొంతకాలం తలదాచుకుని, 1830ల తొలినాళ్ళలో కుటుంబంతో బొంబాయి చేరాడు. చివరిదాకా బాగ్దాదు వేషమే. ఇంగ్లీషు రాదు, 1853లో బ్రిటిష్ ప్రజగా నమోదైనప్పుడు సంతకం హీబ్రూలో పెట్టాడు. పత్తి, వస్త్రాలు, నల్లమందు అతని సరుకులు. ఎనిమిది మంది కొడుకుల్లో పలువురిని షాంఘై, హాంకాంగ్, లండన్ శాఖలకు పంపాడు. ఒక రేవులో ధర పడిపోతే మరో రేవు ఆదుకునేది.

1864లో పూనాలో అతను కన్నుమూశాడు. 1867లో కొడుకు ఇలియాస్ వేరుపడి సొంత కంపెనీ పెట్టాడు. మనవడు జేకబ్ కాలానికి ఆ వర్తక కుటుంబం బొంబాయిలో పెద్ద మిల్లుల యజమాని అయింది. అక్కడి మిల్లుల నూలు బేళ్ళకొద్దీ చైనాకు ఓడెక్కేది.

ఇటు అనంతపురం ప్రాంతానికి బొంబాయిని కలిపింది రైలు. 1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు ఆ దారిలోవే. అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 1882లో. రేగడి పత్తికి బొంబాయి దగ్గరైంది, మర నూలు పల్లెకు దగ్గరైంది. అంతకుముందు దూదేకులవాళ్ళు వింటినారితో దూది ఏకితే, ఆడవాళ్ళు రాట్నం మీద వడికేవారు; ఆ నూలు గుంటమగ్గం ఎక్కేది. మర నూలు దెబ్బకు ముందు కుంటుపడింది రాట్నం. మగ్గం మాత్రం కొన్న నూలుతో ఆడుతూనే ఉంది.

1876లో వాన తప్పింది. ధాత నామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు 1878 దాకా సాగింది. తిండిగింజల ధర పెరిగేకొద్దీ కోకలూ పంచెలూ కొనేవాళ్ళు కరువయ్యారు. గింజలు రైల్లో వచ్చాయి, నేతగాడి చేతిలో డబ్బు లేదు. బతకాలంటే సర్కారు కరువు పనుల్లో కంకర కొట్టాలి. రోజంతా సుత్తి పట్టిన వేళ్ళతో తెగిన పోగు అతికించడం కష్టం.

మర నూలు రాట్నాన్ని దెబ్బతీసింది నిజమే. మగ్గాన్ని ఆపింది మాత్రం నేతకు ఉన్న ఒకే ఒక్క సంత, అంటే పక్క రైతు పంట, పోవడం. సాసూన్లకు ఎన్నో రేవులు, నేతగాడికి ఒక్క వాన. అదే ప్రాంతపు ధర్మవరం పట్టుచీర తర్వాత నిలదొక్కుకోవడానికి ఒక కారణం కూడా ఇందులోనే ఉంది: ఆ చీర కట్టే పెళ్ళికూతుళ్ళు చాలామంది ఈ మెట్టనేల వాన మీద బతికేవాళ్ళు కారు.