పట్టుబట్టకు ఎంత వేడి కావాలి?
ఇస్త్రీపెట్టె చెప్పే చరిత్ర

పెళ్ళిలో కట్టి మడిచిపెట్టిన పట్టుచీరను మళ్ళీ బయటకు తీస్తే మడతల వెంట గీతలు పడి ఉంటాయి. ఇస్త్రీ చేయనిదే కట్టలేం. చేద్దామంటే ఎక్కడ కమిలిపోతుందోనని భయం. నూలుబట్ట మీద ధైర్యంగా తోసే ఇస్త్రీపెట్టెను పట్టు మీద పెట్టేసరికి చెయ్యి వెనుకాడుతుంది.

ఈ భయం ఈనాటిది కాదు. పట్టు పుట్టిన చైనాలో వెయ్యేళ్ళకు పూర్వమే వేడితో దాని ముడతలు తీసేవారు. వేడిని పుట్టించడం మనిషికి ఎప్పుడో తెలుసు. అది సరిగ్గా ఎంత ఉండాలో కొలిచి, అక్కడ నిలబెట్టడం మాత్రం నిన్నమొన్న నేర్చుకున్నాడు. ఇస్త్రీపెట్టె చరిత్రలో ముఖ్యమైన ఘట్టం అదే.

నిప్పుల మూకుడు

అమెరికాలోని బోస్టన్ లలితకళా మ్యూజియంలో పొడవైన చైనా చిత్రపటం ఒకటి ఉంది. అంతఃపుర స్త్రీలు కొత్తగా నేసిన పట్టును సిద్ధం చేయడం అందులోని విషయం. 8వ శతాబ్దంలో ఝాంగ్ షువాన్ అనే చిత్రకారుడు వేసిన మూలచిత్రం నశించింది. దాన్ని చూసి 12వ శతాబ్దం ఆరంభంలో తయారు చేసిన ఈ ప్రతి సోంగ్ వంశపు చక్రవర్తి హుయిజోంగ్ పేరు మీద ఉంది.

చిత్రంలో ఒక చోట తెల్లని పట్టుబట్టను స్త్రీలు చెరోవైపు పట్టుకుని బిగలాగుతుంటారు. మరొకామె పిడి ఉన్న మూకుడులో నిప్పులు పోసి, దాని అడుగుభాగాన్ని బట్టమీద నడుపుతుంటుంది. ఒక చిన్నపిల్ల బట్ట కింద ఆడుకుంటోంది. ఇంకొక బాలిక సెగ తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని కుంపటి విసురుతోంది.

బట్ట కింద బల్ల లేదన్న సంగతి గమనించాలి. ముడత తీసే పని మూకుడు బరువు మీద కన్న బట్టను లాగి పట్టుకోవడం మీదనే ఎక్కువగా ఆధారపడింది. ఇక వేడి ఎంత ఉందో చెప్పే సాధనం ఏదీ లేదు. నిప్పులు ఎన్ని, చెయ్యి ఎంత చురుగ్గా కదులుతోంది అన్నవే కొలతలు.

ముడత అణువుల్లో ఉంది

పట్టుదారం ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్. పట్టుకాయలో దీని చుట్టూ సెరిసిన్ అనే జిగురు ప్రోటీన్ ఉంటుంది. 1865లో ఎమిల్ క్రామర్ అనే రసాయనవేత్త ఈ జిగురు నుంచే సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని వేరు చేశాడు. సబ్బునీళ్ళలో ఉడికించి జిగురును తీసేస్తే పట్టుకు మెరుపు, మెత్తదనం వస్తాయి.

ఫైబ్రోయిన్ అణువులు పొడవాటి గొలుసులు. కొన్ని చోట్ల అవి వరుసగా పేర్చుకుని స్ఫటికాల్లా గట్టిగా ఉంటాయి. మరికొన్ని చోట్ల చిక్కుపడి వదులుగా ఉంటాయి. గొలుసులను దగ్గరగా పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. బట్ట నలిగినప్పుడు వదులు భాగాల్లో ఈ బంధాలు కొన్ని తెగి, కొత్త చోట్ల మళ్ళీ ఏర్పడతాయి. మనం ముడత అనేది దాన్నే.

ముడత పోవాలంటే ఆ బంధాలు మళ్ళీ సడలాలి. పూర్తిగా ఎండిన పట్టులో వదులు భాగాలు మెత్తబడటానికి సుమారు 175 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అంత వేడిని ఎక్కువసేపు తగిలిస్తే పట్టు చెడిపోతుంది. అందులోని టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు మార్పుచెంది తెల్లపట్టు పసుపెక్కుతుంది. దారం పెళుసవుతుంది. ఎంత ఉతికినా ఆ పసుపు పోదు.

నీరు చేరితే లెక్క మారిపోతుంది. నీటి అణువులు గొలుసుల మధ్యకు దూరి వాటి పట్టు సడలిస్తాయి. అప్పుడు వంద డిగ్రీల లోపు వేడికే పట్టు మెత్తబడుతుంది. పట్టును కాపాడే రహస్యమంతా ఇదే: తేమ ఎక్కువైన కొద్దీ కావలసిన వేడి తగ్గుతుంది.

నీటిచుక్క పరీక్ష

'ఇస్త్రీ' అనే మాట లాగడం, చాచడం అనే అర్థం గల 'ఎస్తిరార్' అన్న పోర్చుగీసు పదం నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. చైనా చిత్రంలోని స్త్రీలు చేస్తున్న పని సరిగ్గా అదే! మన దేశంలో ఇస్త్రీ అంటే చాలాకాలం ఇనుముతోనో ఇత్తడితోనో చేసిన బరువైన బొగ్గుల పెట్టే. రజకులు అందులో నిప్పులు నింపి, బట్ట మీద నీళ్ళు చిలకరించి, పెట్టెను నడిపేవారు. కొన్ని వీధుల్లో అది నేటికీ కనిపిస్తుంది. బొగ్గుల పొగలో విషవాయువైన కార్బన్ మోనాక్సైడు ఉంటుంది కనుక తలుపులు మూసిన గదిలో దాన్ని వాడటం ప్రాణాంతకం.

ఇలాంటి పెట్టె వేడి తెలుసుకోవడానికి పాతకాలపు ఉపాయం నీటిచుక్క. చుక్క పడగానే సుయ్‌మని ఆవిరైతే ఒక లెక్క, ముత్యంలా గుండ్రంగా మారి దొర్లితే మరో లెక్క. 1756లో జర్మన్ వైద్యుడు యోహాన్ లైడెన్‌ఫ్రాస్ట్ ఎర్రగా కాలిన ఇనుప గరిటెలో చుక్కలు వేసి ఈ వింతను వర్ణించాడు. లోహం బాగా వేడెక్కినప్పుడు చుక్క కింద పలుచని ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకెత్తి ఉంచుతుంది. అందుకే అది వెంటనే ఆవిరైపోదు. ఇది సాధారణంగా 200 డిగ్రీల ప్రాంతంలో జరుగుతుంది. అంటే చుక్క దొర్లుతోందంటే ఆ పెట్టె పట్టు మీద పెట్టడానికి పనికిరాదన్నమాట.

గడియారం నుంచి ఇస్త్రీపెట్టెకు

న్యూయార్కు వాసి హెన్రీ సీలీ 1882 జూన్ 6న విద్యుత్ ఇస్త్రీపెట్టెకు పేటెంటు పొందాడు. అప్పటికి ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం ఇంకా పని మొదలుపెట్టలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో గాని అది ప్రారంభం కాలేదు! విద్యుత్తు రాకతో నిప్పురవ్వలు, బూడిద బెడద పోయింది కాని వేడికి పగ్గం పడలేదు. తొలినాటి పెట్టెలు కరెంటు ఉన్నంతసేపూ వేడెక్కుతూనే ఉండేవి.

పగ్గం వేసింది థర్మోస్టాట్. ఇస్త్రీపెట్టెల్లోకి ఇది 1920ల్లో వచ్చింది. అందులోని కీలకం ద్విలోహ పట్టీ. వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహపు రేకులను అతికిస్తే, వేడెక్కినప్పుడు పట్టీ ఒకవైపు వంగి విద్యుత్ వలయాన్ని తెంచుతుంది. చల్లారితే తిరిగి కలుపుతుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన జాన్ హారిసన్ ఓడల మీద గడియారం ఎండకు, చలికి తప్పు చూపకుండా ఉండేందుకు ఇలాంటి పట్టీని రూపొందించాడు.

1938లో నైలాన్‌ను లోకానికి ప్రకటించారు. మితిమీరిన వేడికి నూలు మాడుతుంది, నైలాన్ కరిగి పెట్టెకు అంటుకుంటుంది. కృత్రిమ దారాల వాడకం పెరిగేకొద్దీ వేడి అదుపు మరింత అవసరమైంది. పెట్టె మీటకు నైలాన్, పట్టు, ఉన్ని, నూలు అనే గుర్తులు అలవాటయ్యాయి. దుస్తుల చీటీల మీది గుర్తులకు 1991లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మధ్యస్థం, మూడుంటే ఎక్కువ.

ఇంట్లో చేసేటప్పుడు

ముందుగా చీటీ చూడండి. చీటీ లేకపోతే ఒక చుక్క వేడితో మొదలుపెట్టి, కనిపించని అంచు మీద పరీక్షించండి. థర్మోస్టాట్ మొదటిసారి తెంచేలోగా పెట్టె నిర్ణీత వేడిని దాటిపోవచ్చు. కనుక దీపం ఒకసారి ఆరి మళ్ళీ వెలిగేదాకా ఆగడం మంచిది. పట్టును ముందు, నూలును తరువాత ఇస్త్రీ చేయాలి. పెట్టె త్వరగా వేడెక్కుతుంది కాని నెమ్మదిగా చల్లారుతుంది. బొగ్గుల పెట్టెలో ఈ వరుస తలకిందులు: నిప్పులు నివురుగప్పి చల్లబడ్డాకే పట్టు వంతు.

బట్టను తిరగేసి, పైన పలుచని నూలుగుడ్డ పరచండి. పట్టు మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కల అంచుల్లో రంగు, గంజి పేరుకుని మరకలు పడవచ్చు. అందుచేత నూలుగుడ్డనే తడిపి, గట్టిగా పిండి పరచడం మేలు. పెట్టెను ఒకచోట నిలపకూడదు. జరీ ఉన్నచోట మరింత జాగ్రత్త కావాలి. అసలు జరీ పట్టుదారం మీద చుట్టిన బంగారు పూత వెండితీగ. చవక జరీలో లోహపు పూత పూసిన పాలియెస్టర్ పొర ఉంటుంది, ఎక్కువ వేడి తగిలితే ముడుచుకుపోతుంది. ఇస్త్రీ అయ్యాక తేమ పూర్తిగా ఆరేదాకా చీర మడవవద్దు. తేమ మిగిలితే మడత దగ్గర బంధాలు మళ్ళీ కుదురుకుని కొత్త ముడత పడుతుంది.

అంతఃపుర స్త్రీలు చేతి అంచనాతో చేసిన పనిని మనం మీట తిప్పి చేస్తున్నాం. బట్టను లాగి పట్టడం, కాస్త తేమ, మితమైన వేడి అన్న మూడు సూత్రాలు మాత్రం మారలేదు. మీటకు బట్ట మీద జరీ ఉందో లేదో, తేమ ఎంత ఉందో తెలియదు. అది చూసుకోవలసింది మనమే.