పాత కారు చక్రానికి రేడియల్ టైరు వేయొచ్చా?

పాత అంబాసిడర్‌నో, బీటిల్‌నో బాగుచేయించుకునే ప్రతివాళ్లకీ ఒక సందేహం వస్తుంది. నైలాన్ టైర్లు తీసేసి రేడియల్ వేయించొచ్చా అని. జవాబు టైరులో లేదండీ, రిమ్ములో ఉంది. ఎందుకో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

మనవాళ్లు నైలాన్ టైరు అనే దాని అసలు పేరు క్రాస్ ప్లై. లోపల దారాల పొరలు ఐమూలగా, ఒకదానిమీద ఒకటి ఎదురుబొదురుగా ఉంటాయి. టైరు తిరిగేకొద్దీ ఆ పొరలు రాసుకుని వేడెక్కుతాయి.

ఆ వేడి ఎక్కడ పుడుతోందో చూడాలని ఫ్రాన్స్‌లోని మిషెలిన్ కంపెనీలో మారియస్ మిన్యోల్ ఒక ప్రయోగపు టైరు చేశారు. పక్కగోడల్లో పొరలన్నీ తీసేసి, ఎడంఎడంగా స్టీలు తీగలు మాత్రం ఉంచారు. చూడ్డానికి ఈగల బోనులా ఉందని దానికి ఆ పేరే పడింది. ఆ దారిలోనే రేడియల్ పుట్టింది. 1946లో పేటెంటు, 1949లో ‘మిషెలిన్ ఎక్స్’ పేరుతో అమ్మకం.

రేడియల్‌లో దారాలు ఒక అంచునుంచి రెండో అంచుకు నేరుగా వెళ్తాయి. ట్రెడ్ కింద స్టీలు బెల్టు ఉంటుంది. పక్కగోడ మెత్తగా వంగుతుంది కాబట్టి మలుపులో కూడా ట్రెడ్ రోడ్డును వదలదు.

లాభం అదే, చిక్కూ అదే. క్రాస్ ప్లై టైరు మలుపులో ముందే మెల్లగా జారుతుంది. రేడియల్ జారకుండా పట్టుకుంటుంది, ఆ పక్కతోపు అంతా రిమ్ముమీద పడుతుంది. క్రాస్ ప్లై కోసమే చేసిన పాత రిమ్ములకు ఈ బరువు లెక్కలో లేదు. దానికి తుప్పు కూడా తోడైతే రివెట్ల దగ్గర, వెల్డింగు దగ్గర పగుళ్లు వస్తాయి. మలుపుల్లో హబ్ క్యాప్ ఊడిపోతుంటే రిమ్ము వంగుతోందేమోనని అనుమానించాలి.

అలాగని పాత కార్లన్నీ ఒకటి కాదు. ఇటలీలో లాన్షియా అరేలియాకు 1950ల్లోనే మిషెలిన్ ఎక్స్ టైర్లు వచ్చాయి. అమెరికాలో మాత్రం కంపెనీనుంచే రేడియల్స్‌తో కారు రావడానికి 1970 మోడల్ లింకన్ కాంటినెంటల్ మార్క్ 3 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే కారు వయసొక్కటే చూస్తే సరిపోదు, ఆ మోడల్ పుస్తకంలో రేడియల్ సైజు ఇచ్చారా లేదా చూడాలి.

ఇంకో సంగతి ట్యూబు. ఇప్పటి రిమ్ముల లోపల చిన్న గట్టు ఉంటుంది, గాలి తగ్గినా టైరు అంచును లోపలికి జారనివ్వదు. పాతవాటికి అది ఉండదు. కాబట్టి ట్యూబు తప్పదు, అది కూడా రేడియల్‌కు పనికొచ్చే ట్యూబే కావాలి. ఊచల చక్రాలైతే ఊచల రంధ్రాలగుండా గాలి పోతుంది, వాటికీ ట్యూబే.

సైజు లెక్క కూడా మారింది. బీటిల్ పాత టైరు 5.60-15. అంటే వెడల్పు 5.6 అంగుళాలు. దాని బదులు వేసే 165 రేడియల్ దాదాపు 6.5 అంగుళాలు. రిమ్ము వెడల్పు సరిపోతుందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఎక్కడైనా తగులుతోందా చూసుకోవాలి.

ఖర్చు తగ్గుతుందని ముందు రెండూ రేడియల్, వెనక రెండూ నైలాన్ మాత్రం వేయించకండి. ముందు చక్రాలు పట్టుకుని వెనకవి జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. బ్రిటన్‌లో ఇలా వేయడం చట్టరీత్యా నేరం.

కాబట్టి టైరు కొనేముందు రిమ్ముకున్న పెయింటు పూర్తిగా గీకించి, రివెట్లు, వెల్డింగు, బోల్టు రంధ్రాలు చూపించండి. అనుమానముంటే నైలాన్ టైరే ఉంచండి, ఆ రిమ్ము చేసింది దానికోసమే.